ఎఫ్ 16లో మే నెల

మా ఊరి చర్చి క్యాలెండర్లో చాలా ఏళ్లుగా మంచు కురుస్తూ ఉండేది.

మార్టూరుకూ చిలకలూరిపేటకూ మధ్య హైవే దిగి లోపలికి వెళ్తే వచ్చే ఊరు మాది. అంతా నల్లరేగడి. ఒకవైపు పత్తి, ఇంకోవైపు మిరప, మధ్యలో మట్టి డొంకలు. మంచు అంటే మాకు డిసెంబరులో తెల్లవారి చేల మీద నిలిచే పొగమంచే. అయినా క్రిస్మస్‌కు సంఘం తరఫున ఇంటింటికీ పంచే క్యాలెండర్లో పన్నెండు పేజీలకూ పన్నెండు మంచుకొండలు ఉండేవి. కొండ కింద నీలం చెరువు, చెరువు పక్కన ఎర్ర పెంకుల ఇల్లు, ఆకాశంలో ఆ నెల బైబిల్ వాక్యం. గుంటూరులో ప్రింటింగ్ షాపువాళ్ల దగ్గర ఆ బొమ్మలు తయారుగా ఉంటాయి. మన సంఘం పేరు మార్చి అచ్చు వేసి ఇస్తారు.

ఆ క్యాలెండర్ ఇంట్లో ఊరికే వేలాడేది కాదు. టీవీ పక్కన మేకుకు తగిలించి, దాని మీద పెన్నుతో బతుకంతా రాసుకుంటారు. మందు కొట్టిన రోజుకు చుక్క, కోత కూలీలు వచ్చిన రోజుకు గీత, గ్యాస్ బండ మార్చిన రోజుకు గుండ్రం. కింద మిరప లెక్కలు, పైన మంచుకొండ. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, మా అమ్మకు తప్ప.

అమ్మ టీచరు. ఆదివారం ఉదయం సండేస్కూల్ కూడా చెబుతుంది. ఒక ఆదివారం పిల్లలకు తెల్లకాగితాలు ఇచ్చి, దేవుడు చేసిన సృష్టిని బొమ్మ గీయమంది. అందరూ కొండలు గీశారు. కొండల మీద మంచు, కింద కోణంగా ఉండే చెట్లు. అలాంటి చెట్టు మా చుట్టుపక్కల ఒక్కటి కూడా లేదు. మిరపచెట్టు ఎవరూ గీయలేదేమని అమ్మ అడిగితే, ఒక పాప లేచి, "మన ఊరు క్యాలెండర్లో ఉండదు కదండీ టీచర్" అని చెప్పి కూర్చుందట. అమ్మ ఆ కాగితాలన్నీ ఇంటికి తెచ్చి మంచం మీద పరిచి నాకు చూపించింది. నవ్వుతూ చూపించలేదు.

ఆ సెప్టెంబరులో సంఘం కమిటీ కూర్చున్నప్పుడు అమ్మ ఆ మాట ఎత్తింది. ఈసారి క్యాలెండర్లో మన చేలు ఉండాలి, మన పిట్టలు, మన పూలు ఉండాలి అంది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, బాగానే ఉందన్నట్టు తల ఊపారు. అడ్డం తిరిగింది మామయ్య. సొంత మామయ్య కాదు. మా సంఘానికి పెద్ద, అయిదెకరాల మిరప రైతు. అమ్మను ఇంటికొస్తే చెల్లెమ్మా అంటాడు, కమిటీలో టీచరమ్మా అంటాడు. ఆ పిలుపును బట్టే ఆయన ఏ పక్షమో తెలిసిపోతుంది.

"పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మిరపచెట్లే చూస్తన్నాం టీచరమ్మా. ఇంటికొచ్చి గోడ మీద కూడా అయ్యే చూడాలా? ఆ మంచుకొండ చూస్తే కాస్త చల్లగా ఉంటది ప్రాణానికి."

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక అమ్మ, ఫొటోలు మా అబ్బాయి తీస్తాడు, నవంబరు ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక తెర మీద చూపిస్తాను, అప్పుడు చెప్పండి అంది. బాగా లేదంటే ఇక క్యాలెండర్ ఊసు తన నోటి వెంట రాదని కూడా అందరి ముందు అనేసింది. ఆ అబ్బాయిని నేనే. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా సరేననే వాణ్ణి. మా అమ్మ నలుగురిలో ఒక మాట అంటే దాన్ని ఎంత దూరమైనా మోస్తుంది. ఆ మాట పడిపోతే ఎలా ఉంటుందో చూడాలని నాకు లేదు.

నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, మార్టూరు దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో యంత్రాల నిర్వహణ చూస్తున్నాను. ఏ పని చేసినా ముందు వరస రాసుకోవడం అలవాటు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా ఒకటి ఉంది, దానికి మూడు లెన్సులు. డ్యూటీ లేని పూటల్లో చేల గట్ల మీద తిరిగి పురుగుల్ని, పూలను, పిట్టలను తీస్తుంటాను. ఈ పని నాకు చేతనవుతుందని నాకు నమ్మకంగానే ఉండింది. ఇప్పటికీ ఉంది.

అపెర్చర్ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. లెన్సులో వెలుతురు వచ్చే కన్నం ఉంటుంది. దాన్ని పెద్దది చేయొచ్చు, చిన్నది చేయొచ్చు. కొత్తవాళ్లను తికమక పెట్టేది దాని అంకె. ఎఫ్ 2.8 అంటే పెద్ద కన్నం, ఎఫ్ 16 అంటే చిన్న కన్నం. అంకె పెరిగితే కన్నం తగ్గుతుంది. కన్నం పెద్దదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది కానీ, మనం గురిపెట్టిన చోటు ఒక్కటే తేటగా ఉండి, దాని ముందూ వెనకా అంతా కరిగిపోతుంది. కన్నం చిన్నదైతే వెలుతురు తగ్గుతుంది, కాళ్ల దగ్గరి మట్టిగడ్డ నుంచి పొలిమేర తాటిచెట్ల దాకా అంతా తేలుతుంది. మిగతాదంతా వీటి మధ్య బేరమే. ఎంత చూపించాలి, ఎంత కరిగించాలి, గాలికి పువ్వు ఊగుతుంటే ఎంత వేగంగా తీయాలి. లెన్సు పువ్వుకు ఎంత దగ్గరగా ఉంది, పువ్వు వెనక ఎంత దూరంలో ఏముంది అన్నవి కూడా అంకె అంత పనీ చేస్తాయి. నా లెక్క ప్రకారం చాలామంది అంకె ఒక్కటే చూసి మిగతా రెండూ మరిచిపోతారు.

క్యాలెండర్ వల్ల ఇంకో షరతు వచ్చిపడింది. ప్రతి బొమ్మలో వాక్యం రాయడానికి చోటు కావాలి. ఆ అక్షరాలు గది అవతలి మూల మంచం మీద కూర్చున్నవాళ్లకు కనపడాలి. అక్షరం వెనక ఆకులూ కొమ్మలూ కాయలూ గజిబిజిగా ఉంటే చదవలేరు. ఆ చోటును నేను అపెర్చర్‌తో తయారు చేయగలను. ఎఫ్ 2.8లో మిరపపువ్వును తీస్తే, దాని వెనక మడి మొత్తం ఒక పచ్చటి మెత్తటి గుడ్డ పరిచినట్టు అయిపోతుంది. ఆ గుడ్డ మీద తెల్లటి అక్షరాలు ఎంత బాగా కూర్చుంటాయో, ఆ మొదటి ఫొటో మీదే వాక్యం అతికించి చూసి అమ్మకు చూపించాను. అమ్మ కళ్లజోడు తీసి గది చివరికి వెళ్లి నిలబడి, పైకి చదివింది. తడబడలేదు.

అక్టోబరు చివర మొదలుపెట్టి నవంబరంతా తిరిగాను. నల్లపాడు వైపు పనిబడి వెళ్లినప్పుడు రైల్వే గేటు దాటాక ఆగి పత్తి తీశాను. మిగతావన్నీ మా చేలలోనే. మంచు పట్టిన సాలెగూడు, పత్తికొమ్మ కొసన తూనీగ, కరెంటు తీగ మీద ఈగలు పట్టుకునే చిన్న పచ్చపిట్ట, తెల్లటి మిరప పూత, లేత పచ్చికాయ, అప్పుడే పగిలిన పత్తి, పొగమంచులో తాటిచెట్లు. పిట్టను ఎఫ్ 5.6లో తీశాను, ముక్కు నుంచి తోక దాకా తేటగా రావాలని. చేను మొత్తం రావాల్సినవి ఎఫ్ 16లో తీశాను. వాటితో ఒక చిక్కు వచ్చింది. మా యూనిట్లో గాలిలో ఉండే గ్రానైట్ పొడి కెమెరా లోపలికి పోయి సెన్సర్ మీద కూర్చుంది. పెద్ద కన్నంలో ఆ పొడి కనిపించదు. కన్నం చిన్నదయ్యేకొద్దీ ఆకాశంలో నల్లచుక్కలై తేలుతుంది. కొన్ని కంప్యూటర్లో తుడిచాను, కొన్ని తప్పించుకున్నాయి.

పన్నెండు ఫొటోలు తేలాక, ఏ బొమ్మ ఏ నెలకు అన్నది అమ్మ చూసింది. వాక్యాల అర్థాన్ని బట్టి బొమ్మలు సర్దింది. నేను వాక్యాల పొడవును బట్టి కొన్ని అటూఇటూ మార్చాను, పొడుగు వాక్యానికి పెద్ద ఖాళీ ఉన్న బొమ్మ. ఇద్దరమూ శ్రద్ధగానే చేశాం.

నవంబరు ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యింది. పాటల సాహిత్యం చూపించే తెర మీద మా ఫొటోలు వేశాం. ఎవరూ లేచి వెళ్లలేదు. జనవరికి సాలెగూడు వచ్చింది, ఆడవాళ్ల వైపు నుంచి మెచ్చుకోలు వినిపించింది. ఫిబ్రవరికి పిట్ట వచ్చింది. మార్చికి ఎఫ్ 16లో తీసిన చేను వచ్చింది. ఆకాశంలో మిగిలిపోయిన చుక్కలు చూసి, అవి పిట్టలా పురుగులా అని మామయ్య అడిగితే, రాతిపొడి అని చెప్పాను. మిరప మీద రాని పురుగు లేదు, రాతిపొడి కూడా వచ్చిందా అన్నాడు. నవ్వులే. అంతవరకూ ఫరవాలేదు.

ఏప్రిల్ వచ్చింది. నా దృష్టిలో అన్నిటికంటే బాగా వచ్చిన ఫొటో. పచ్చటి మెత్తదనం మీద ఒకే ఒక్క తెల్లటి మిరపపువ్వు.

"ఏప్రిల్లో పూతేంది అల్లుడూ?"

మామయ్య ఆ మాట మెల్లగానే అడిగాడు. కానీ చర్చి అంతా ఒక్కసారి మేలుకున్నట్టయింది. నిజమే, ఏప్రిల్లో పూతేంది అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు. చేలో ఏసీ పెట్టించి ఉంటాడులే అని ఇంకొకరు. తర్వాతవి వేస్తుంటే చూడటం మానేసి తప్పులు పట్టడం మొదలుపెట్టారు. జూన్‌కు పొగమంచు వస్తే, ఒకావిడ పక్కావిడతో, "చలిమంట ఏసుకుందాం దావే" అంది. ఆగస్టులో పత్తి పగిలిందంట, అదేం విత్తనమో మాకూ చెప్పమన్నారు. ఎఫ్ 2.8లో కరిగిపోయిన చేలను చూసి ఇది ఎవరి చేను, గట్టు ఎటుంది, మోటారు ఎక్కడుంది అని అడిగారు. తేటగా ఉన్న చేలు వస్తే వాక్యం కనపడటం లేదన్నారు.

నేను అమ్మ వైపు చూశాను, అమ్మ నా వైపు చూసింది. క్యాలెండర్ బొమ్మకూ నెలకూ సంబంధం ఉండాలని మా ఇద్దరికీ తట్టనే లేదు. అమ్మ పుట్టింది మిరపకోతకు వెళ్లే ఇంట్లో. ఏ నెలలో ఏం జరుగుతుందో ఆమెకు తెలియక కాదు. పుట్టినప్పటి నుంచి చూసిన క్యాలెండర్లలో బొమ్మ ఒక దారి, నెల ఒక దారి. అందుకే మా క్యాలెండర్ కూడా అలాగే వచ్చింది.

అమ్మ లేచి నిలబడింది.

"అన్నయ్యా, ఇన్నేళ్లు మంచుకొండ చూశావు. అది ఏ నెల మంచో ఒక్కసారైనా అడిగావా?"

"ఎందుకడుగుతా? అది మనది కాదుగా. వాళ్ల మంచు వాళ్లిష్టం. ఇది మనది టీచరమ్మా. మన చేను గోడ మీద పెట్టాక తప్పుండకూడదు. రేపు చుట్టాలొచ్చి చూస్తే, మీ ఊళ్లో ఏప్రిల్లో పూత పూసిద్దా అంటారు."

అమ్మ ఆ జవాబులో తనకు పనికొచ్చే ముక్కను పట్టుకుంది. మనది అని నువ్వే అన్నావు కాబట్టి, తప్పులేకుండా తేవడానికి ఒక ఏడాది ఇవ్వండి అంది. ఏ నెల బొమ్మ ఆ నెలలోనే తీస్తాం, ఒక్కటి తప్పున్నా మీ మంచుకొండలే వేయించండి, ఆ ఆర్డరు మీద నేనే సంతకం పెడతాను అంది. అయ్యగారు అందరి వైపూ చూసి సరే అన్నారు. ఆ ఏడాదికి ఎప్పటిలాగే మంచు కురిసింది.

నా పని ఇప్పుడు తేలికైందనిపించింది. పన్నెండు నెలలు, పన్నెండు సంగతులు, ఒక్కోదానికి రెండు షరతులు. వాక్యానికి చోటుండాలి, చూసినవాడికి ఇది ఫలానా చేను అని తెలియాలి. నెలకొకటి తీయడానికి సమయం బోలెడుంది.

జనవరి మొదటి వారంలో మామయ్య చేనికే వెళ్లాను. పండుకాయ ఎర్రగా తిరిగి ఉంది. సాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని గురి చూస్తుంటే ఆయనే వచ్చాడు. కనిపెట్టడానికి వచ్చాడని నాకు తెలుసు. కెమెరా ఇచ్చి కన్ను పెట్టి చూడమన్నాను. నా కెమెరాలో ఒక మీట ఉంది. అది నొక్కితే, మనం పెట్టిన అంకెకు కన్నం మూసుకుని, ఫొటో ఎలా రాబోతుందో ముందే చూపిస్తుంది. ఎఫ్ 16 పెట్టి అది నొక్కాను.

"ఏందిరా, చీకటి పడింది?"

"కన్నం చిన్నది చేశా మామయ్యా. వెలుతురు తగ్గిద్ది. కాసేపు అట్టాగే చూడు, వెనకున్నయ్యి కూడా తేలతాయి."

చాలాసేపు చూశాడు. "ఆ, తేలింది. మోటారు కొట్టం తేలింది. తాళం కూడా కనపడతంది."

మీట వదిలేసి ఎఫ్ 2.8 చేశాను. కాయలు మాత్రం మిగిలి, కొట్టం పచ్చదనంలో కలిసిపోయింది.

"కొట్టం యాడికి పోయింది?"

"కరిగిపోయింది."

"మా కొట్టాన్ని కరిగించమాక అల్లుడూ. అది లేకపోతే ఇది ఎవడి చేనో ఎట్టా తెలిసిద్ది?"

ఎఫ్ 8 దాకా వచ్చాను. రెండడుగులు వెనక్కి జరిగి కొంచెం వంగాను. ముందు సాలులోని ఎర్రకాయలు గింజ కదిలినా వినపడేంత తేటగా, వెనక కొట్టం అంచులు మెత్తబడినా కొట్టమేనని తెలిసేలా, పైన సగం ఆకాశం. ఆయనకు చూపిస్తే, ఇప్పుడు మా కొట్టానికి కాస్త జ్వరం వచ్చినట్టుంది కానీ గుర్తుపట్టొచ్చులే అన్నాడు. జనవరి అలా అయ్యింది. ఆ పూట నేను నేర్చుకున్నది ఇప్పటికీ వాడుతున్నాను. పూర్తిగా కరిగించడం, పూర్తిగా తేల్చడం ఎవరైనా చేస్తారు. సగం కరిగించి, కరిగినది ఏమిటో తెలిసేలా ఉంచాలంటే అంకె కంటే ముందు కాళ్లు కదలాలి.

ఫిబ్రవరిలో కల్లం. కోసిన కాయను ఎండబెట్టే నేల మీద ఎరుపు తప్ప ఇంకో రంగు ఉండదు. ట్రాక్టరు ట్రక్కు ఎక్కి పైనుంచి ఎఫ్ 11లో తీశాను. ఎరుపంతా ఒకే మట్టంగా పరుచుకుని వాక్యానికి అదే చోటిచ్చింది. మార్చిలో ఆఖరి కోత, ఒక కోతకూలీ చేతివేళ్లు మాత్రం, పెద్ద కన్నంలో. ఏప్రిల్లో చెట్లు పీకి కుప్పేసిన మోడు చేను మీద సాయంత్రపు ఎండ. జూన్‌లో తొలకరి పడి దుక్కి దున్నుతుంటే ట్రాక్టరు వెనక కొంగల గుంపు. అది గాలికీ వేగానికీ లొంగేది కాదు, కన్నం ఎఫ్ 5.6 కంటే చిన్నది చేస్తే వెలుతురు చాలక, ఫొటో తీసే వేగం తగ్గి రెక్కలు చెదిరిపోయాయి. జులైలో రెండాకుల పత్తి మొలక కోసం తడి రేగడిలో బోర్లా పడుకున్నాను. చొక్కా మరక ఇప్పటికీ వదల్లేదు. ఆగస్టులో మిరప నారుమడి. సెప్టెంబరులో ఒకే కొమ్మకు ఆ పూట పూసిన పసుపు పత్తిపువ్వు, నిన్నటి గులాబీరంగు పువ్వు. రెండూ తేటగా రావాలంటే రెండూ లెన్సుకు సమాన దూరంలో ఉండాలి. కొమ్మను ముట్టుకోకుండా నేనే చుట్టూ తిరిగి ఆ కోణం పట్టుకున్నాను. అక్టోబరు మిరపపూత నెల, ఇప్పుడది సరైన పేజీలోకి వచ్చింది. నవంబరుకు పచ్చికాయ. డిసెంబరు పేజీకి కిందటి డిసెంబరులోనే మంచులో పత్తి తీసి పెట్టుకున్నాను.

మధ్యలో మే నెలను వదిలేశాను. దాని సంగతి వేరే.

మే నెలలో మా చేలలో ఏమీ ఉండదు. పూత, కాయ, పక్షి, మనిషి, ఏదీ. నల్లరేగడి ఎండకు బీటలు తీసి, కాలు పట్టేంత నెర్రెలు పడి, కంటికి ఆనినంత దూరం అలాగే ఉంటుంది. ఆకాశం నీలంగా కూడా ఉండదు, తెల్లగా కాగుతుంటుంది. రెండుసార్లు వెళ్లి ఉత్త చేతులతో వచ్చాను. చివరికి ఒక ఆదివారం సాయంత్రం వాడరేవు వెళ్లి సముద్రం తీశాను. పడవ, అల, ఎఫ్ 8, అంతా అందంగా వచ్చింది. సముద్రం కూడా మనదేగా, మే నెలలో మావాళ్లు పిల్లల్ని తీసుకుని వెళ్తారుగా అనుకున్నాను.

మనసొప్పలేదు. నెలాఖరులో మామయ్య పడమటి చెక్క చేనుకు కెమెరా స్టాండుతో వెళ్లాను. ముందుగా సెన్సర్ శుభ్రం చేయించాను, చిన్న కన్నంలో రాతిపొడి తేలకుండా. స్టాండును నేల మట్టానికి దించి, ఎఫ్ 16 పెట్టి, గురిని దగ్గరి నెర్రె మీదా దూరపు తాటిచెట్ల మీదా కాకుండా చేనులో మూడో వంతు దగ్గర పెట్టాను. అలా పెడితే రెండువైపులా తేటదనం సరిపోతుంది. ఫొటోలో ఒక నెర్రె నా మోచేతి దగ్గర మొదలై, కొమ్మలు చీలుతూ, పొలిమేర తాళ్ల దాకా ఎక్కడా మసకబారకుండా వెళ్లింది. పైన తెల్లటి ఆకాశం. మిగతా నెలల్లో చాలావాటికి వాక్యానికి చోటు కోసం ఏదో ఒకటి కరిగించాను. ఇక్కడ కరిగించాల్సింది ఏమీ లేదు.

అమ్మకు ల్యాప్‌టాప్‌లో చూపించాను.

"ఏముందిరా ఇందులో?"

"మే నెల."

ఒట్టి చేనును గోడకు ఎవరు తగిలించుకుంటారంది. ఇంతవరకూ ఒక్క తప్పూ లేకుండా తెచ్చాం, ఈ ఒక్క పేజీతో మొత్తం పోతుందేమో, మంచుకొండలు కావాలనేవాళ్లకు ఒక్క సాకు చాలు అంది. సముద్రం కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోమంది. పెట్టుకున్నాను. నవంబరు దాకా మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. చూపించే రోజు పొద్దున చర్చికి బయల్దేరుతూ, ఏది వేయాలి అని నేనే అడిగాను. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూనే చెప్పింది.

"ఏ నెల బొమ్మ ఆ నెలలోదే అని మాటిచ్చాను కదా. సముద్రం ఏ నెలలో అయినా ఉంటుంది. చేను వెయ్యి."

ఈసారి తెర ముందు కిందటిసారి కంటే ఎక్కువమంది కూర్చున్నారు. పాత పరీక్ష గుర్తున్నవాళ్లు నెల పేరు రాగానే గట్టిగా జవాబులు చెబుతున్నారు. జనవరికి మామయ్య తన కొట్టాన్ని పక్కవాళ్లకు వేలు పెట్టి చూపించాడు. ఫిబ్రవరి కల్లం ఎవరిదో రెండిళ్లవాళ్లు వాదించుకున్నారు. మార్చి వేళ్లు ఎవరివో నేను చెప్పలేదు, కానీ ఆ వేళ్లున్న ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏప్రిల్ రాగానే, పూత లేదులే ఈసారి అని ఎవరో అన్నారు.

మే వచ్చింది.

వెనక నుంచి, బొమ్మ పూర్తిగా రాలేదేమో అని ఒక మాట వినపడింది. కమిటీలో ఒకాయన, చూడ్డానికి కరువులాగా ఉంది, ఈ ఒక్కటి మార్చి సముద్రమో ఏదో పెడితే సరిపోతుంది కదా అన్నాడు. మంచి మనిషే, సర్దుబాటుకే అన్నాడు. అమ్మ నిలబడింది. ఆమె చేతిలో వాక్యాల కాగితం మడతపడి ఉంది. నా జేబులో పెన్‌డ్రైవ్‌లో సముద్రం ఉంది. నేను దాని మీద చేయి వేయలేదు.

మామయ్య లేచి తెర దగ్గరికి వెళ్లాడు. ఆయన నీడ చేను మీద పడింది. పక్కకు జరిగి, నెర్రె వెంట వేలు పెట్టి పొలిమేర తాళ్ల దాకా తీసుకెళ్లాడు.

"ఇది మా పడమటి చెక్క. మే నెలలో ఏముంటది చేలో? ఏం ఉండదు. ఉండకూడదు. ఎండ తినాలి భూమి. నెర్రె ఇట్టా పడితేనే తొలకరి నీళ్లు లోపలికి దిగుతయ్యి." సముద్రం అన్నాయన వైపు తిరిగాడు. "సముద్రం పెట్టుకునే పనైతే మంచుకొండ ఏం పాపం చేసింది? ఉంచండి."

వచ్చి తన చోట కూర్చున్నాడు. కూర్చున్నాక, నాకు వినపడేలా, ఈసారి రాతిపొడి కూడా లేదులే అన్నాడు. అయ్యగారు మిగతా నెలలు వేయమన్నారు. డిసెంబరు అయ్యాక చేతులు ఎత్తమంటే మామయ్య చేయి మిగతావాళ్లతో పాటే లేచింది. అచ్చు పనంతా టీచరుగారే దగ్గరుండి చూసుకోవాలని తీర్మానం చేశారు. అమ్మ కాగితం విప్పి, మడత సాపు చేసి, బ్యాగులో పెట్టుకుంది. ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ముగ్గురు ఆపి, వచ్చే ఏడు తమ చేనుకు రమ్మన్నారు.

తర్వాతి శనివారం అమ్మా నేనూ గుంటూరు వెళ్లాం. ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ ముందు ఒక కుర్రాడు కూర్చుని మా పేజీలు తయారు చేస్తున్నాడు. పనిమంతుడు, వేళ్లు చకచకా కదులుతున్నాయి. మేం అడగకుండానే చాలా మెరుగులు దిద్ది ఉంచాడు. జనవరిలో కొట్టం మసకగా ఉందని పదును పెట్టాడు. అది నేను కావాలని చేసిందని ఎఫ్ 8 సంగతి చెబితే, అర్థం కాకపోయినా పాతది తిరిగి పెట్టాడు. ఫిబ్రవరి కల్లం మీద బంగారు కిరణాలు వచ్చాయి. అవీ తీయించాను.

మే పేజీ తెరిచాడు. నా తెల్లటి ఆకాశంలో దూదిమబ్బులు వచ్చాయి. మబ్బుల కింద రెక్కలు చాపిన తెల్లపావురం, దాని ముక్కున ఆకు.

"బాగా ఖాళీగా ఉందని పెట్టాను మేడం. ఊరికే అలా వదిలేస్తే ఎండిపోయినట్టుంది."

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా మోచేతి మీద చేయి వేసి, కుర్చీ ముందుకు లాక్కుని, తెరకు దగ్గరగా కూర్చుంది.

"ఆకాశంలో ఏమీ పెట్టొద్దు బాబూ. మే నెలలో మాకు అంతే ఉంటుంది."

కుర్రాడు అమ్మను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. పావురం పోయింది, తర్వాత మబ్బులు పోయాయి. నెర్రె ఒక్కటే మిగిలి పొలిమేర దాకా వెళ్లింది.

"ఇక జూన్ తియ్యి" అంది అమ్మ.